సత్రంలో చోటు



2025 ఆగస్టు నెల చివరి ఆదివారం కలకడలో ఆరాధన ముగిసింది. కానుకల లెక్క రాసుకుంటూ బల్ల దగ్గర కూర్చున్నాను. అంతకు ముందు గురువారమే నేను పెండ్లి చేసిన జంట వచ్చి నిలబడ్డారు. అబ్బాయి టమోటా లారీ తోలేవాడు. అమ్మాయి చేతుల గోరింటాకు ఇంకా పండి ఎర్రగా ఉంది.

"అయ్యగారూ, మంగళవారం బెంగుళూరికి పోతా ఉండాము. ప్రార్థన చెయ్యండి" అన్నాడు.

"ఏం పని నాయనా?"

"వండర్‌లా చూపిస్తానని ప్రధానం నాడే మాటిచ్చినా అయ్యగారూ."

ఆ అమ్మాయి తల వంచుకుని నవ్వింది. నేను అడగకుండానే అతడు మిగతాది చెప్పాడు. ఇక్కడినుండే టాక్సీ, పార్కు ఆవరణలోని రిసార్టులో రెండు రాత్రులు, టికెట్లు, భోజనాలు, అన్నీ కలిపి నలభై వేలు. డబ్బు ఒకాయన దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి తీసుకుంటున్నాడు. "కువైట్ పోయినాక తీర్చేస్తా" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. నలభై వేలకు నెలకు పన్నెండు వందలు వడ్డీ. రెండేళ్ళు తిరిగేసరికి వడ్డీయే ఇరవై ఎనిమిది వేల ఎనిమిది వందలు. ఆ లెక్క చెప్పి ఊరుకుంటే బాగుండేది. అంతటితో ఆగలేదు. "హనీమూన్ అనేది మన పెద్దలు ఎరిగిన మాటేనా? అంతగా చూడాలంటే హార్స్‌లీ హిల్స్ ఉంది. నాలుగు వేల అడుగులకు పైగా ఎత్తు, చల్లని గాలి. పొద్దున పోయి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు" అని మందలించాను. అమ్మాయి ముఖంలో నవ్వు పోయింది. "సరే అయ్యగారూ" అని ఇద్దరూ వెళ్ళిపోయారు.

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ నా భార్య అడిగింది: "ఏమండీ, వాళ్ళ పెండ్లిలో మీరు చదివింది ఏ వాక్యం?"

ద్వితీయోపదేశకాండం ఇరవై నాలుగో అధ్యాయం, అయిదో వచనం. కొత్తగా పెండ్లి చేసుకున్నవాణ్ణి యుద్ధానికి పంపకూడదని, ఏ పనీ అతనిమీద మోపకుండా ఏడాదిపాటు ఇంటివద్ద విడిచిపెట్టాలని, అతడు తన భార్యను సంతోషపెట్టాలని ధర్మశాస్త్రం చెప్పే మాట అది. దానిమీద అరగంట ప్రసంగించాను కూడా.

"ఆ బిడ్డకు ఏడాది ఎక్కడిది? సెప్టెంబరు 20న విమానం. ఇరవై రోజులు మిగిలినాయి. ఆ ఇల్లు మీరు చూడలేదా?" అంది.

చూశాను. రెండు గదుల ఇల్లు. ముందు గదిలో తల్లిదండ్రులు, తమ్ముడు. లోపలి గదిలో దగ్గు జబ్బుతో నాయనమ్మ, పక్కన చెల్లెలు. కొత్త దంపతులకు వంటసాలలో చాప. మన రాయచోటి, కలకడ, పీలేరు ప్రాంతాల్లో కువైట్‌లో ఒకరైనా లేని వీధి అరుదు. పెండ్లి చేసుకుని నెల తిరగకుండానే విమానమెక్కి, రెండేళ్ళకో మూడేళ్ళకో తిరిగివచ్చే భర్తలను, ఫోనులోనే కాపురం చేసే భార్యలను మన సంఘాలన్నీ ఎరుగును. వారి కొరకు ప్రతి ఆదివారం ప్రార్థిస్తున్నాము. వారు కలిసి ఉండగలిగిన నాలుగు రోజుల గురించి మాత్రం ఆలోచించలేదని నాకు ఆ రాత్రి తోచింది.

అప్పు తప్పే. ఆ ఆశ మాత్రం తప్పు కాదు. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పాడు గాని, గోపురమే కట్టవద్దని చెప్పలేదు.

సోమవారం ఉదయం వాళ్ళింటికి వెళ్ళి, ముందుగా ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పాను. తర్వాత అబ్బాయితో, "అప్పు ముట్టుకోవద్దు. ఒక్క వారం ఆగు. బుధ, గురువారాల్లో బెంగుళూరులో మాకు సేవకుల కూటం ఉంది. శుక్రవారం నేనూ అమ్మగారూ బిడది పోయి, మీకు తగిన గది, రాకపోకల దారి చూసుకుని వస్తాము" అన్నాను. వాళ్ళమ్మ నమ్మలేనట్టు చూసింది. పాస్టరుగారు లాడ్జీలు వెదకడం ఆమె ఎప్పుడు విన్నది గనుక!

కలకడ నుండి గుర్రంకొండ మీదుగా మదనపల్లెకు పల్లెవెలుగు బస్సులో వెళ్ళాము. 2025 ఆగస్టు 15 నుండి స్త్రీ శక్తి పథకం కింద మన రాష్ట్రంలో ఈ బస్సుల్లో స్త్రీలకు టికెట్టు లేదు. నా భార్య ఆధార్ చూపించింది, నేను టికెట్టు తీసుకున్నాను. అయితే రాష్ట్రం దాటే బస్సులకు ఈ ఉచితం లేదు. కర్ణాటకలో 2023 జూన్ నుండి నడుస్తున్న శక్తి పథకమేమో ఆ రాష్ట్రపు స్త్రీలకే. మన ఆధార్ అక్కడ పనికిరాదు. కాబట్టి మదనపల్లె దాటిన తర్వాత ఇద్దరి ఛార్జీలూ లెక్క వేసుకోవాలి.

మదనపల్లె నుండి చింతామణి, హోస్కోట మీదుగా బెంగుళూరు సుమారు 120 కిలోమీటర్లు. మనవాళ్ళు అందరూ మెజెస్టిక్ వరకు కూర్చుంటారు. ఆ చివరి భాగంలో వాహనాల రద్దీవలన పడే బాధ బస్సులో నిలబడి పోయినవారికే తెలుసు. సేవకుల కూటంలో ఒక సహోదరుడు మాకు తేలిక దారి చెప్పాడు. హోస్కోట దాటినాక కె.ఆర్.పురంలో దిగితే అక్కడే మెట్రో స్టేషను. 2023 అక్టోబరు నుండి ఊదారంగు లైను వైట్‌ఫీల్డ్ మొదలు మైసూరు రోడ్డులోని చల్లఘట్ట వరకు ఒకే పట్టున నడుస్తోంది. పట్నం తూర్పు కొసన ఎక్కి, బండి మారకుండా పడమటి కొసన దిగవచ్చు. గంటకు పైగా పడుతుంది గాని, దుమ్ము లేదు, బేరం లేదు. కెంగేరి బస్ టెర్మినల్ స్టేషనులో దిగితే బిడది వైపు పోయే బస్సులు దొరుకుతాయి.

కుప్పం వైపు పాఠకులకు ఇంకా సులువు. కుప్పంలో రైలెక్కి బంగారుపేట మీదుగా బెంగుళూరు సంగొళ్ళి రాయణ్ణ స్టేషనులో దిగి, అక్కడే మైసూరు వైపు పోయే మెము రైలు పట్టుకుంటే కెంగేరి తర్వాత బిడది స్టేషనులోనే దిగవచ్చు. పుంగనూరువారు ముళబాగిలు, కోలారు మీదుగా వచ్చినా కె.ఆర్.పురం దగ్గర ఇదే మెట్రో అందుకోవచ్చు.

శుక్రవారం ఉదయం మేము కెంగేరిలో బస్సు కోసం నిలబడినప్పుడు ఒక సంగతి తెలిసింది. 2023 మార్చిలో ప్రారంభించిన బెంగుళూరు-మైసూరు ఎక్స్‌ప్రెస్ రోడ్డు బిడది ఊరిని తప్పించి పోతుంది. దూరపు బస్సులు ఆ రోడ్డు మీదనే వెళ్ళిపోతాయి. "బిడది ఊళ్ళోకి పోతుందా?" అని కండక్టరును అడిగి ఎక్కకపోతే రామనగరంలో దిగి వెనక్కి రావలసి ఉంటుంది. మేము అడిగే ఎక్కాము.

బిడదిలో దిగగానే ఆకలి. ఆ ఊరు తట్టె ఇడ్లీకి పేరు. పళ్ళెమంత వెడల్పు, దూదిలాంటి మెత్తదనం, పైన వెన్నముద్ద. ఒకటి తింటే మనిషికి చాలు. నా భార్య సంచిలోంచి పుస్తకం తీసి, "పొద్దుటి టిఫిను, ఇద్దరికి" అని వెల రాసుకుంది. ఆ రోజంతా ఆమె ఏదీ రాయకుండా వదలలేదు.

మొదట ఫోనులో చూసిపెట్టుకున్న ఒక బసకు వెళ్ళాము. పార్కుకు దగ్గర అని బొమ్మతో సహా వేశారు. గీత గీసినట్టు చూస్తే దగ్గరే. కాని మధ్యలో పెద్ద రోడ్డు అడ్డం. చుట్టు తిరిగి పోవాలి. రాత్రి ఏడు తర్వాత ఆ దారిలో బండి దొరకదని ఎదురుగా ఉన్న కొట్టాయన చెప్పాడు. గది శుభ్రంగానే ఉంది. నా భార్య ఒక్క మాట అడిగింది: "తడి తలతో అలిసిపోయి వచ్చే పిల్ల ఆ చీకట్లో నడిచి రావాలా?" అక్కడనుండి బయలుదేరాము.

రెండోది ఏడు వందలకే ఇస్తామన్నారు. గుమాస్తా మా ఇద్దరినీ చూసి, "రాత్రికా, గంటల లెక్కా?" అని అడిగాడు. నా భార్య ఇక మెట్లు ఎక్కలేదు. నాకు సిగ్గు వేసింది. కాని అడగడం మంచిదే అయింది. చవకగా దొరికే ప్రతి గదీ కుటుంబాలకు తగిన గది కాదని కళ్ళారా తెలిసింది.

మూడోది ఒక కుటుంబం నడిపే మెస్సు పైన నాలుగు గదులు. కింద ఒక ముసలామె చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంది. యజమాని తల్లి అట. నా భార్య లోపలికి వెళ్ళి గడియ వేసి చూసింది, స్నానాల గది గడియ చూసింది, కుళాయి తిప్పింది, దుప్పటి ఎత్తి పరుపు చూసింది, కిటికీ తలుపు మూసుకుంటుందో లేదో చూసింది. గది రాత్రికి పన్నెండు వందలు. పొద్దున ఒక బకెట్టు వేడినీళ్ళు. గేటు రాత్రి పది గంటలకు వేస్తారు. లెక్క ఇరవై నాలుగు గంటలకు, అంటే ఏ వేళకు దిగితే మర్నాడు ఆ వేళ వరకు. మధ్యాహ్నం పన్నెండుకే ఖాళీ చేయమనే చోట్ల, సాయంత్రం దిగినవారికి సగం రోజు నష్టం. ఇది తప్పక అడగవలసిన ప్రశ్న.

అన్నిటికన్నా మేలైనది, వాళ్ళకు తెలిసిన ఆటో అతను ఉన్నాడు. ఉదయం పార్కుకు దించి, సాయంత్రం గేటు దగ్గర నుండి తీసుకురావడానికి కలిపి నాలుగు వందలు. ఇతని తాత ముత్తాతలది కోలారు వైపట. తెలుగు మాట్లాడాడు.

అడ్వాన్సు ఇవ్వబోతుంటే యజమాని, "ఇద్దరి ఆధార్లు కావాలి. కొత్త జంట అంటున్నారు. భార్యాభర్తలని తెలిసేది ఏముంది?" అని మర్యాదగానే అడిగాడు. పెండ్లయి పది రోజులైనా కాలేదు. ఆ అమ్మాయి ఆధార్‌లో తండ్రి పేరు, పుట్టింటి ఊరు. ఇద్దరివీ వేరు వేరు చిరునామాలు. నేను పాస్టరునని, పెండ్లి చేసింది నేనేనని, వివాహ ధృవపత్రం తెస్తారని చెప్పాను. చెప్తుండగానే గుర్తుకొచ్చింది. ఆ పత్రం నేనింకా రాయలేదు! 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం రిజిస్టరులో సంతకాలు పెండ్లి నాడే తీసుకుంటాను. పత్రాలు మాత్రం తీరిక చూసుకుని ఒకేసారి రాసే అలవాటు. నా బద్ధకం వలన ఒక జంట లాడ్జి మెట్లమీద దోషుల్లా నిలబడవలసి వచ్చేది. తోటి సేవకులారా, పెండ్లి నాడే ఆ కాగితం చేతికివ్వండి.

రామనగరం కూడా చూసి వద్దామనుకున్నాము. బిడదికి పదిహేను కిలోమీటర్ల పైచిలుకు. పలమనేరు, పుంగనూరు, కుప్పం పట్టు రైతులకు ఆ ఊరు కొత్త కాదు. అక్కడి పట్టుగూళ్ళ మార్కెట్టు ఆసియాలోనే పెద్దదని పేరు. గూళ్ళు అమ్ముకోను వచ్చే రైతుల కోసం మార్కెట్టు చుట్టుపక్కల సాదా లాడ్జీలు ఉన్నాయి. ఇక్కడ వెలలు మరికొంచెం తక్కువ. మగవాళ్ళు ఒక రాత్రి నడుము వాల్చడానికి చాలు గాని, కొత్త జంటకు మాకు నచ్చలేదు. పిల్లలతో, నలుగురైదుగురు కలిసి వెళ్ళే కుటుంబాలకైతే అక్కడి కాస్త పెద్ద హోటళ్ళు పనికివస్తాయి.

సాయంత్రం పార్కు గేటు దగ్గరకు వచ్చాము. మేము లోపలికి వెళ్ళలేదు. మూసే వేళకు జనం ఎలా బయటికి వస్తారో, బండ్లు ఎలా దొరుకుతాయో చూడడమే మా పని. అయినా అది ఎవరి కట్టడమో తెలుసుకోవడం మంచిదే. కొచ్చౌసేప్ చిట్టిలపిళ్ళి అనే కేరళ క్రైస్తవుడు 1977లో వోల్టేజి స్టెబిలైజర్ల చిన్న పనితో వి-గార్డ్ మొదలుపెట్టాడు. 2000లో కొచ్చిలో మొదటి పార్కు తెరిచాడు. బెంగుళూరుది 2005లో, మన హైదరాబాదుది 2016లో వచ్చాయి. 2011లో ఆయన తన మూత్రపిండం ఒకటి, బంధువు కాని ఒక లారీ డ్రైవరుకు దానం చేశాడు. మన పెండ్లికొడుకు కూడా లారీ డ్రైవరే గనుక ఈ సంగతి నాకు గుర్తుండిపోయింది.

టికెట్ల కిటికీ దగ్గర విచారిస్తే కొన్ని సంగతులు తెలిసాయి. టికెట్టు వెల రోజును బట్టి మారుతుంది. శని, ఆదివారాలు, సెలవు దినాలు ఎక్కువ. బయటి అన్నం లోపలికి తీసుకుపోనివ్వరు. నీళ్ళ ఆటలకు నూలు బట్టలు, చీరలు, జీన్సు ప్యాంట్లు పనికిరావు. నైలాను వంటి బట్టలే వేసుకోవాలి. ఇది విని నా భార్య కొంచెం కలత పడింది. తర్వాత లోపలినుండి వస్తున్న స్త్రీలను చూసింది. మోకాళ్ళ కింది దాకా, చేతులు నిండుగా కప్పే నైలాను దుస్తులు వేసుకున్నవారు ఎందరో ఉన్నారు. "మదనపల్లెలో ముందే కుట్టించుకుంటే సరి" అని పుస్తకంలో రాసుకుంది.

ఆ రోజు మిలాద్ సెలవు. చీకటి పడే వేళకు ఒక్కసారిగా వందల మంది బయటికి వచ్చారు. సొంత కార్లవాళ్ళు పోయారు, స్కూలు బస్సులు పోయాయి. మిగిలినవారు ఆటోల చుట్టూ మూగారు. ఉదయం నూట యాభై అడిగినవారు ఇప్పుడు నాలుగు వందలు, అయిదు వందలు అంటున్నారు. ఒక చిన్న కుటుంబం, చంకలో బిడ్డతో, బేరమాడలేక నడక మొదలుపెట్టింది. నా భార్య వాళ్ళను కనుచూపుమేర చూస్తూ నిలబడింది. బసకు దూరంగా ఉన్న గది ఎంత చవకైనా, తిరుగు ప్రయాణం కుదుర్చుకోకపోతే ఆ చవకదనమంతా ఆ గేటు దగ్గరే పోతుందని నాకు అప్పుడు అర్థమైంది.

తిరిగి వస్తూ బస్సులో ఆమె, "ఆ పెద్ద చక్రం ఎక్కితే ఎంత దూరం కనబడుతుందో కదండీ" అంది. మా పెండ్లయి పందొమ్మిదేళ్ళు. పెండ్లయిన మూడో రోజే నేను ఆమెను ఉజ్జీవ కూటాలకు తీసుకుపోయాను. అక్కడ వంట చేయించాను. ఆ మాటకు నేను జవాబు చెప్పలేదు.

శనివారం రాత్రి ధృవపత్రం రాసి, ముద్ర వేసి ఉంచాను. ఆదివారం ఆరాధన తర్వాత ఇద్దరినీ కూర్చోబెట్టి లెక్క వేశాము. పెండ్లికి వచ్చిన చదివింపుల్లో పదకొండు వేలు ఆ అమ్మాయి అత్తగారి దగ్గర ఉన్నాయి. ఆ తల్లి ఏమంటుందో అని నేను భయపడ్డాను. ఆమె పెట్టె తెరిచి డబ్బు తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. "వాళ్ళ నాయన నన్ను తిరణాలకు కూడా తీసుకుపోలేదు. పోయి రాండి" అంది.

మంగళవారం సెప్టెంబరు 9న వాళ్ళు బయలుదేరారు. బుధవారం పార్కు. దసరా సెలవులు ఇంకా మొదలు కాలేదు గనుక రద్దీ తక్కువ. "సాయంత్రం గది చేరగానే ఫోను చెయ్యి" అని అబ్బాయికి మరీ మరీ చెప్పాను. ఏడయింది, ఎనిమిదయింది. ఫోను లేదు. మేము చేస్తే స్విచ్ ఆఫ్. బెంగుళూరులో వాన పడుతోందని ఎవరో చెప్పారు. నా భార్య సువార్త పుస్తకం తెరిచి పెట్టుకుంది గాని చదవడం లేదు. నిండు చూలాలైన మరియను వెంటబెట్టుకుని బేత్లెహేములో చోటు వెదికిన యోసేపును గురించి ప్రతి క్రిస్మసుకూ ప్రసంగిస్తాను. ఆ మనిషి ఆ రాత్రి పడిన దిగులు కొంచెమైనా నాకు తెలిసింది ఆ బుధవారమే. ఎవరినైనా కొత్త ఊరికి పంపించినవాడికి, వాళ్ళు తల దాచుకునే చోటు చేరేవరకు మనసు నిలవదు.

తొమ్మిదికి పది నిమిషాలుండగా కొత్త నంబరు నుండి ఫోను. "అయ్యగారూ, ఫోను తడిసిపోయింది. ఆటో అన్నది ఇది. వానలో కూడా గేటు కాడ కాచుకోనుండాడు. రూముకు వచ్చేసినాము. అవ్వ చారు పోసి అన్నం పెట్టింది." వెనకనుండి ఆ అమ్మాయి నవ్వు వినబడింది. ఫోను పెట్టేసి ఇద్దరమూ మోకరించాము.

తిరిగి వచ్చాక అబ్బాయి లెక్క చెప్పాడు. గది రెండు రాత్రులకు 2,400. ఆటో 400. మదనపల్లె, బెంగుళూరు బస్సులు, మెట్రో, బిడది బస్సు, రానూ పోనూ కలిపి 1,380. టికెట్లు, లాకరు, నైలాను బట్టలు 4,700. తిండికి 1,300. మొత్తం 10,180. మిగిలిన ఎనిమిది వందల ఇరవైలో అయిదు వందలు కృతజ్ఞతార్పణగా కవరులో వేసి ఇచ్చాడు. నలభై వేల అప్పు లేదు, నెలనెలా పన్నెండు వందల వడ్డీ లేదు. 20వ తేదీన అతడు విమానమెక్కాడు, అప్పు భారం లేకుండా.

ప్రియ పాఠకులారా, మీ పిల్లలు కూడా ఇలాంటి ప్రయాణం అడిగితే కోపపడకండి, అప్పు చేయనివ్వకండి. ఈ సంగతులు గుర్తుంచుకోండి. పార్కులోని రిసార్టు సౌకర్యమైనదే, స్తోమత ఉన్నవారికి. లేనివారు బిడదిలో గాని, మెట్రో దగ్గరగా కెంగేరిలో గాని గది చూసుకోవచ్చు. గది వెల ఒక్కటే చూడకండి. గది వెలకు రాకపోకల ఖర్చు కలిపి చూడండి. రాత్రి తిరిగి వచ్చే బండి ఉదయమే మాట్లాడుకోండి, సగం డబ్బు మాత్రమే ముందు ఇవ్వండి. శని, ఆదివారాలు, సెలవులు విడిచి వారం మధ్యలో వెళ్ళండి. వెలలు, వేళలు మారుతుంటాయి గనుక బయలుదేరే ముందు ఫోను చేసి అడగండి. ఇద్దరి ఆధార్లు, వివాహ ధృవపత్రం, వాటి నకళ్ళు సంచిలో పెట్టుకోండి. ముఖ్యమైన నంబర్లు కాగితం మీద కూడా రాసుకోండి. ఫోను తడిస్తే ఆ కాగితమే దిక్కు.

సంఘ పెద్దలకు ఒక మనవి. ఇప్పుడు మా మందిరంలో పెండ్లి రిజిస్టరు పక్కన ఇంకొక పుస్తకం ఉంది. నా భార్య ఆ శుక్రవారం రాసిన పుస్తకమే అది. మంచి బసలు, నమ్మకమైన ఆటోవారు, బస్సు వేళలు అందులో ఉన్నాయి. వేలూరు ఆసుపత్రికి పోయేవారి కోసం కూడా రెండు పేజీలు చేర్చాము. అతిథులను ఆదరించమని బైబిలు మనకు చెప్తుంది. మన ఇంటికి వచ్చినవారినే కాదు, మన దగ్గరనుండి పోయేవారిని కూడా ఆదరించవచ్చు. ఒక్కరు ముందుగా వెళ్ళి చూసి వస్తే, తర్వాత పోయే పదిమంది నిశ్చింతగా పోతారు. ఇది చిన్న పరిచర్యే గాని, మన సంఘాల్లో చేసేవారు తక్కువ.

ఆ అమ్మాయి ఇప్పుడు ప్రతి ఆదివారం నా భార్య పక్కనే కూర్చుంటుంది. ఆరాధన అయ్యాక ఫోను తీసి, పెద్ద చక్రం మీద ఇద్దరూ కూర్చున్న ఫోటో చూపిస్తుంది. ఎన్నోసారో మాకు లెక్క లేదు. ఆ రెండేళ్ళు గడవడానికి ఆమెకున్న ఆస్తి అది.

ఇక నా విషయం. ఆ పుస్తకం చివరి పేజీలో నా చేతిరాతతో ఒక లెక్క ఉంది. బిడది గది ఒక రాత్రికి, ఆటో, రెండు టికెట్లు. మా పెండ్లి ఇరవయ్యో ఏటి కొరకు నెలకు కొంచెం దాస్తున్నాను. నా భార్యకు ఇంకా చెప్పలేదు. ఈ పత్రిక ఇంటికి వచ్చిన రోజున ఆమెకే తెలుస్తుంది.

ప్రభువు మీ గృహములను, మీ ప్రయాణములను దీవించును గాక. ఆమేన్.